క్యాజువాలిటీలో ముందు చూసేది పీజీ డాక్టరే.. మరి ఆ పీజీకి నేర్పేదెవరు?

క్లుప్తంగా: ఎమర్జెన్సీ మెడిసిన్ మన దేశంలో విడిగా ఒక పీజీ బ్రాంచ్ అయ్యి ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తిరుపతి లాంటి ఊర్లో ఈ బ్రాంచ్‌కి కేసులకు కొదవే లేదు, కొరతంతా పక్కన నిలబడి నేర్పే సీనియర్ల టైమ్‌కే. పీజీ ఎన్ని కేసులు చూశాడన్నది కాదు, చూసేటప్పుడు పక్కన ఎవరున్నారు, చేసింది సరైందో కాదో తర్వాత ఎవరైనా చెప్పారా అన్నదాన్ని బట్టే ఆ డాక్టర్ ఎలా తయారవుతాడో తేలుతుంది.

అసలు చూస్తున్నది ఎవరు

రాత్రి పన్నెండు దాటాక పెద్దాస్పత్రికి ఎవరినైనా తీసుకొచ్చిన ఇంటివాళ్లు ఎక్కువగా అడిగే మాట ఒకటే, "పెద్ద డాక్టర్ ఎప్పుడొస్తారు సార్?" అని. ఎదురుగా ఉన్న కుర్ర డాక్టర్ ఎవరో, అతనికి ఎంత తెలుసో వాళ్లకు తెలీదు, చెప్పేవాళ్లూ ఉండరు. అందుకే ముందు ఈ వరస అర్థం చేసుకోవాలి. హౌస్‌సర్జన్ అంటే ఎంబీబీఎస్ పరీక్షలు పాసై ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్లు, ఆ ఏడాదిలో క్యాజువాలిటీకి వాళ్లకు దక్కేది రెండు వారాలే. పీజీ అంటే ఆ ఇంటర్న్‌షిప్ కూడా ముగించి, డాక్టర్‌గా రిజిస్టర్ అయ్యి, మూడేళ్ల ఎండీ చదువుతూ డ్యూటీ చేస్తున్న జూనియర్ రెసిడెంట్. ఎండీ అయ్యాక కూడా అక్కడే పనిచేస్తుంటే సీనియర్ రెసిడెంట్, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్, ప్రొఫెసర్.

కాబట్టి పీజీ చూశాడంటే చదువుకునే పిల్లాడు చూశాడని కాదు, ప్రపంచంలో ఎక్కడికెళ్లినా పెద్ద టీచింగ్ హాస్పిటల్ నడిచేది రెసిడెంట్ల మీదే. అడగాల్సింది వేరే ఉంది. ఆ పీజీ మొదటి ఏడాదా మూడో ఏడాదా, పేషెంట్ పరిస్థితి చేయి దాటేలా ఉంటే ఫోన్‌లో కాకుండా మనిషిగా వచ్చి నిలబడే సీనియర్ ఆ బిల్డింగ్‌లో ఉన్నాడా లేడా అన్నది.

ఈ బ్రాంచ్ ఎక్కడి నుంచి వచ్చింది

మొన్నమొన్నటి దాకా క్యాజువాలిటీ అంటే దారిలో ఒక ఆగే చోటు. ఒక డ్యూటీ మెడికల్ ఆఫీసర్ ఉంటాడు, ఎంఎల్‌సీ (పోలీసు కేసు అయ్యేవాటికి రాసే వైద్య రిపోర్టు) రాస్తాడు, సెలైన్ పెట్టిస్తాడు, గుండెనొప్పి అయితే మెడిసిన్ వాళ్లకి, కాలు విరిగితే ఆర్థో వాళ్లకి, కడుపునొప్పి అయితే సర్జరీ వాళ్లకి కాల్ రాస్తాడు, వాళ్లు వచ్చేదాకా పేషెంట్ స్ట్రెచర్ మీదే. ఈ పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే, కిందపడి స్పృహ తప్పిన షుగర్ పేషెంట్ ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తాడో తేలేలోపే ఆ మనిషికి కావాల్సిన పది నిమిషాలు అయిపోతాయి. వచ్చిన మనిషి ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ ముందు నిలబెట్టి, జబ్బు పేరు తర్వాత వెతికే డాక్టర్ కావాలి అన్న ఆలోచనలోంచి పుట్టిందే ఎమర్జెన్సీ మెడిసిన్.

అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో 1970లో మొదటి రెసిడెన్సీ మొదలైంది, 1979లో అక్కడ దాన్ని విడి స్పెషాలిటీగా గుర్తించారు. మన దగ్గర అప్పటి మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో, అంటే సరిగ్గా ముప్పై ఏళ్ల తేడా. 2013 నుంచి డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే, ఎండీ లాంటి డిగ్రీ) కూడా వచ్చింది. ఈ ముప్పై ఏళ్ల తేడా చిన్న విషయం కాదు, ఎందుకంటే కొత్త బ్రాంచ్‌లో నేర్పడానికి ఆ బ్రాంచ్‌లోనే చదివిన గురువులు ఉండరు కదా, మొదట్లో డిపార్ట్‌మెంట్లు నిలబెట్టింది మెడిసిన్, ఎనస్థీషియా, సర్జరీ, ఆర్థో నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల కష్టం తక్కువేం కాదు. కానీ ఎనస్థీషియా నుంచి వచ్చిన సార్ దగ్గర చదివిన పీజీకి గొంతులో ట్యూబ్ వేయడం బ్రహ్మాండంగా వస్తుంది, విరిగిన ఎముక సరిచేయడం అంతగా రాకపోవచ్చు, సర్జరీ సార్ దగ్గర చదివినవాడికి దీనికి తలకిందులుగా ఉండొచ్చు. ఇప్పుడిప్పుడే ఎమర్జెన్సీలోనే ఎండీ చేసినవాళ్లు ఫ్యాకల్టీగా వస్తున్నారు.

ఇంతలో నిబంధనలు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి జరిగాయి. 2020 నిబంధనల్లో, మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ మెడికల్ కాలేజీలకు ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం తప్పనిసరి అంది, 2023లో కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు ఎంబీబీఎస్ కాలేజీకి తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దాన్ని తీసేసింది. దీని ప్రభావం ఎలా ఉంటుందో కింద చూద్దాం.

తిరుపతికి వచ్చే కేసులే వేరు

శ్రీ వెంకటేశ్వర మెడికల్ కాలేజీ 1960 నాటిది, దాని టీచింగ్ హాస్పిటలే రుయా. ఊర్లో ఇంకో పెద్దాస్పత్రి స్విమ్స్ 1993లో పేషెంట్లను చూడటం మొదలుపెట్టింది. రెండూ పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది, మన దేశంలో ఎమర్జెన్సీ విభాగాన్ని ముందుగా పద్ధతిగా నడిపిన చోట్లలో అదొకటి, ఇప్పటికీ చిత్తూరు, పలమనేరు, గుడిపాల వైపు జనం అర్ధరాత్రి బండి కట్టుకుని నేరుగా అక్కడికే పోతారు.

ఈ ప్రాంతంలో ఎమర్జెన్సీకి వచ్చేది మూడు నాలుగు రకాల జనం. పొలాల నుంచి వచ్చే పాముకాట్లు, పురుగుమందు కేసులు, గన్నేరు పప్పు తిన్నవాళ్లు. భాకరాపేట, మొగిలి లాంటి ఘాట్లలో, హైవేల మీద యాక్సిడెంట్లు. ఇక యాత్రికులు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఎప్పుడూ నడవని మనిషి ఉపవాసంతో, షుగర్ మాత్ర వేసుకోకుండా ఎక్కి మధ్యలో గుండె పట్టుకుని కూర్చుంటాడు. తెలుగు రాదు, పాత రిపోర్టులు ఊర్లో ఉన్నాయి, వెంట వచ్చినవాళ్లు క్యూలో ఉన్నారు, ఫోన్ లాకర్లో ఉంది. ఈసీజీ మాత్రం వచ్చిన పది నిమిషాల్లో తీసి చూడాలి, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే అరగంటలో పడాలి. ఎప్పుడూ మింగే మందులు ఏంటో, ఈ మధ్య ఆపరేషన్ ఏదైనా అయ్యిందో తెలియకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వడం భయమే, ఇవ్వకపోవడమూ భయమే. ఇలాంటి నిర్ణయం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

అప్పుడప్పుడు అందరూ ఒకేసారి వస్తారు కూడా. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు, దెబ్బలు తగిలినవాళ్లని రుయాకి, స్విమ్స్‌కి తెచ్చారు. ఒకేసారి నలభై మంది లోపలికొస్తే ఎవరిని ముందు చూడాలి అన్నది వేరే విద్య. గట్టిగా అరుస్తున్నవాడు ఊపిరి తీసుకుంటున్నట్టే, మూలన చప్పుడు చేయకుండా పడున్నవాడి దగ్గరికే ముందు పోవాలి, ఇది వినడానికి తేలికే గానీ చుట్టూ బంధువులు చొక్కా పట్టుకుని లాగుతుంటే పాటించడం చాలా కష్టం. ముందే రిహార్సల్ చేయని టీమ్‌కి ఇది అప్పటికప్పుడు నేర్చుకోవడం కుదరదు.

ఒక గాజు ట్యూబు, ఇరవై నిమిషాలు

నేర్పడం అంటే ఏంటో దగ్గర నుంచి చూడాలంటే పాముకాటు కేసు మంచి ఉదాహరణ. మన దగ్గర దొరికే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) నాలుగు పాములకి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఏ పామో తెలియకపోయినా విషం రక్తానికి ఎక్కిందా లేదా అని చూసే పరీక్షకి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు టెస్ట్‌ట్యూబ్‌లో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారిపోతే పింజర విషం పనిచేస్తున్నట్టే.

ఇంత తేలికైన దాంట్లో కూడా కొత్త పీజీ ఎన్ని చోట్ల తప్పటడుగు వేయొచ్చో చూడండి. ట్యూబ్ గాజుది కాకుండా ప్లాస్టిక్‌ది అయినా, సబ్బు పౌడర్‌తో కడిగింది అయినా రక్తం మామూలుగా ఉన్నా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు అవసరం లేని మనిషికి యాంటీవీనం ఎక్కుతుంది. ఎనిమిదో నిమిషంలో ఆత్రం కొద్దీ ఎత్తి ఊపితే రిజల్ట్ పాడవుతుంది. టైమ్ రాసుకోకుండా పక్క బెడ్ దగ్గరికి పోయి, వచ్చాక "ఇరవై అయ్యుంటుందిలే" అనుకున్నా అంతే. యాంటీవీనం కొందరికి పడదు, అందుకే అది మొదలుపెట్టాక మొదటి నిమిషాల్లో బెడ్ పక్కనే ఉండాలి, దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తే డ్రిప్ ఆపి తొడ కండలోకి అడ్రినలిన్ ఇవ్వాలి, ఆ ఇంజెక్షన్ ముందే సిరంజిలోకి ఎక్కించి పెట్టుకున్నవాడికీ, అప్పుడు క్రాష్ కార్ట్‌లో (అత్యవసర మందుల ట్రాలీలో) వెతికేవాడికీ మధ్య తేడా పేషెంట్ ప్రాణమే.

కట్లపాము ఇంకా కష్టం. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు, తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తాడు, కొత్త డాక్టర్ గ్యాస్ అనుకుని పంపేసే అవకాశం బాగా ఉంది. సీనియర్ అయితే ముందు కనురెప్పలు చూస్తాడు, వాలుతున్నాయా అని, తల దిండు మీంచి పైకెత్తమంటాడు, ఒక్క ఊపిరిలో ఎంతదాకా అంకెలు లెక్కపెట్టగలడో చూస్తాడు. విషం పూర్తిగా ఎక్కాక కంటిపాప కూడా కదలదు, చూసేవాళ్లకి బ్రెయిన్ డెడ్‌లా అనిపిస్తుంది, కానీ వెంటిలేటర్ మీద పెట్టి ఓపిక పడితే అలాంటి మనిషి లేచి నడిచి ఇంటికి పోతాడు. ఈ ముక్క ఒక పీజీకి ఒక్కసారి బెడ్ పక్కన ఎవరైనా చూపిస్తే జీవితాంతం మర్చిపోడు.

పురుగుమందు కేసుల్లోనూ ఇదే వరస. విరుగుడు మందు అట్రోపిన్ మూడు నుంచి ఐదు ఆంప్యూల్స్‌తో మొదలుపెట్టి ప్రతి ఐదు నిమిషాలకీ డోసు రెట్టింపు చేసుకుంటూ పోవాలి, ఎప్పటిదాకా అంటే ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా. కొత్తవాళ్లు కంటిపాప పెద్దదవ్వగానే, గుండె వేగం పెరగ్గానే భయపడి ఆపేస్తారు, పేషెంట్ తన ఊపిరితిత్తుల్లో ఊరిన నీళ్లలో తానే మునిగిపోతాడు. ఇంకొందరు ఆపాల్సిన చోట ఆపరు, జ్వరం, పిచ్చిచేష్టలు మొదలవుతాయి. స్టెతస్కోప్ చేతికిచ్చి "ఇప్పుడు విను, అయిదు నిమిషాల తర్వాత మళ్లీ విను, తేడా ఏంటో నాకు చెప్పు" అనే మనిషి పక్కన ఉంటే ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది ఈ విద్య, లేకపోతే ఏళ్లు గడిచినా అరకొరగానే ఉంటుంది.

కేసులు ఎక్కువైతే చదువు ఎక్కువ వచ్చినట్టేనా

"గవర్నమెంట్ హాస్పిటల్లో చదివితే చేతినిండా కేసులు, అన్నీ అవే వస్తాయి" అని మెడికోలు చెప్పుకుంటుంటారు. సగం నిజం. కేసులు లేని చోట ఎవరూ నేర్చుకోలేరు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ కేసు చూడటానికీ కేసు నుంచి నేర్చుకోవడానికీ మధ్య ఒక మెట్టు ఉంది, చేసిన నిర్ణయం తర్వాత ఏమైందో తెలియడం. ఎమర్జెన్సీలో ఈ మెట్టే మాయమవుతుంది. వార్డు డాక్టర్‌కి పేషెంట్ రేపు కూడా కనపడతాడు, ఎల్లుండి కూడా కనపడతాడు. ఎమర్జెన్సీ పీజీకి పేషెంట్ రెండు మూడు గంటల్లో ఐసీయూకో, వార్డుకో, ఇంటికో, ఇంకో హాస్పిటల్‌కో వెళ్లిపోతాడు. తను గ్యాస్ అని పంపించిన మనిషి మర్నాడు గుండెపోటుతో ఇంకో చోట చేరినా పీజీకి ఆ సంగతి తెలీదు, తెలియదు కాబట్టి తను కరెక్టే అనుకుంటాడు, అదే తప్పు వందసార్లు చేసి దానికే అనుభవం అని పేరు పెట్టుకుంటాడు. అనుభవం మనిషిని పదును పెట్టకుండా మొండిగా చేసేది ఇక్కడే.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. పీజీ తను చూసిన సీరియస్ కేసుల ఐపీ (అడ్మిషన్) నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుని, వారం తర్వాత కేస్‌షీట్ తీసి ఏమైందో చూడటం. వారానికోసారి చనిపోయిన కేసుల మీద, తిరిగొచ్చిన కేసుల మీద ఎవరినీ తిట్టకుండా కూర్చుని మాట్లాడుకోవడం. తిట్టకుండా అన్నది ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే తిట్లు పడే చోట తప్పులు బయటికి రావు, దాచేస్తారు, దాచిన తప్పు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

రద్దీలో పాఠం చెప్పడానికి టైమ్ ఎక్కడిది అంటారు ఫ్యాకల్టీ, నిజమే. అందుకే ఈ రంగంలో ఒక చిన్న పద్ధతి బాగా నిలబడింది, 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లు రాసింది. పీజీ కేసు చెప్పగానే సీనియర్ జవాబు చెప్పేయకుండా ముందు "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడగాలి, తర్వాత "ఎందుకలా అనుకున్నావ్?" అనాలి, అప్పుడు ఈ కేసుకే కాకుండా వేరే వాటికీ పనికొచ్చే ఒక్క ముక్క చెప్పాలి, బాగా చేసింది ఏంటో చెప్పాలి, సరిదిద్దుకోవాల్సింది చెప్పాలి. మొత్తం ఐదారు నిమిషాలు. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి రివర్స్, పీజీ సగం చెప్పేలోపే సీనియర్ "సీటీ తీయించు, మెడిసిన్ కాల్ రాయి" అనేసి వెళ్లిపోతాడు. పేషెంట్‌కి పని జరిగిపోతుంది, పీజీ బుర్రలో ఏం తప్పు ఆలోచన ఉందో అలాగే ఉండిపోతుంది.

చేతి పని

గొంతులో ట్యూబ్ వేయడం, ఊపిరితిత్తి చుట్టూ చేరిన రక్తం తీయడానికి పక్కటెముకల మధ్య గొట్టం పెట్టడం, మెడలో సెంట్రల్ లైన్ వేయడం, ఇవి చదివితే వచ్చేవి కావు. అమెరికాలో రెసిడెన్సీ ముగిసేలోపు కనీసం 35 ట్యూబులు, 20 సెంట్రల్ లైన్లు, 10 ఛాతీ గొట్టాలు, 150 బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్లు అని అంకెలు పెట్టుకున్నారు, అరుదైనవి కొన్ని బొమ్మల మీద చేసినా లెక్కలోకి తీసుకుంటారు. మన దగ్గర లాగ్‌బుక్ (పీజీ చేసిన ప్రొసీజర్లు రాసే పుస్తకం) ఉంది, సమస్య ఏంటంటే అది ఎలా నింపుతారన్నది. ప్రొసీజర్ అయిన రోజే, చూసినవాళ్లే సంతకం పెడితే అది చదువుకి రికార్డు. పరీక్షల ముందు వారం రోజులు కూర్చుని మూడేళ్లది ఒకేసారి నింపితే అది కాగితం మాత్రమే. ఇది ఏ ఒక్క కాలేజీ సంగతో కాదు, మెడికల్ చదువు తెలిసినవాళ్లు ఎవరైనా ఒప్పుకునే మాట.

సిమ్యులేషన్ ల్యాబ్ (బొమ్మల మీద సాధన చేసే చోటు) గురించి మాట్లాడితే లక్షల రూపాయల బొమ్మలే గుర్తొస్తాయి. నిజానికి మామూలు బొమ్మతో, నలుగురు పీజీలు, ఇద్దరు నర్సులతో, అదే క్యాజువాలిటీ గదిలో, అదే ట్రాలీతో చేసే పదిహేను నిమిషాల డ్రిల్ ఎక్కువ ఉపయోగం. అప్పుడే బయటపడుతుంది ట్యూబ్ వేయడానికి గొంతులోకి చూసే లారింగోస్కోప్ బ్యాటరీ పనిచేయట్లేదని, సక్షన్ గొట్టం బెడ్ దాకా అందట్లేదని. ట్రామా (యాక్సిడెంట్ల దెబ్బల) కేసులు చూసే పద్ధతి అంతా ఇప్పుడు ఏటీఎల్‌ఎస్ అని ఒక కోర్సుగా నేర్పుతున్నారు కదా, అది పుట్టింది కూడా ఒక ప్రమాదంలోంచే. 1976లో జేమ్స్ స్టైనర్ అనే ఆర్థో సర్జన్ నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కాలో కూలింది, భార్య అక్కడే చనిపోయింది, పిల్లలకి చిన్న ఊరి హాస్పిటల్లో దొరికిన వైద్యం చూసి, పొలంలో తను చేయగలిగినంత కూడా ఇక్కడ చేయట్లేదే అని ఆయన కడుపు మండి మొదలుపెట్టిన పనే 1978లో మొదటి కోర్సు అయ్యింది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, అల్ట్రాసౌండ్. పొట్టలో రక్తం ఉందా, గుండె చుట్టూ నీరు చేరిందా అన్నది బెడ్ దగ్గరే రెండు నిమిషాల్లో చూడొచ్చు. కానీ గర్భంలో ఆడపిల్లల్ని కాపాడటానికి వచ్చిన 1994 చట్టం వల్ల ప్రతి మెషీన్ రిజిస్టర్ అవ్వాలి, ఎవరు వాడతారో కూడా రికార్డులో ఉండాలి. చట్టం అవసరమే, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. అయితే ఆ కాగితాల భయంతో మెషీన్‌ని రేడియాలజీ గదిలోనే ఉంచేస్తే ఎమర్జెన్సీ పీజీ మూడేళ్లలో ప్రోబ్ పట్టుకునేది ఎప్పుడు? పర్మిషన్లు ముందే పద్ధతిగా తెచ్చుకున్న విభాగాల్లో చదివినవాళ్లకీ మిగతావాళ్లకీ ఈ ఒక్క విషయంలో తేడా బాగా కనపడుతుంది.

డ్యూటీ గంటలు

నిద్ర లేని మెదడు కొత్తది నేర్చుకోదు. 1992 నాటి కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ స్కీమ్ ప్రకారం రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు, అది ఎక్కడ అమలవుతుందో ఏ పీజీని అడిగినా నవ్వుతాడు. 2023 పీజీ నిబంధనల్లో గంటలే లేవు, సమంజసమైన పని గంటలు, సమంజసమైన విశ్రాంతి అని ఊరుకున్నారు. 2024లో కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. అమెరికాలో ఎమర్జెన్సీ రెసిడెంట్‌కి పేషెంట్లను చూసే పని వారానికి 60 గంటలే, ఒక షిఫ్ట్ 12 గంటలు దాటకూడదు.

ఈ బ్రాంచ్‌కి ఒక మేలు ఉంది, పని షిఫ్టుల్లో సాగుతుంది, 36 గంటల డ్యూటీ అవసరం ఉండదు. దాంతోపాటే ఇంకో ప్రమాదం, షిఫ్ట్ మారేటప్పుడు చేసే హ్యాండోవర్. ఉదయం ఎనిమిదికి అలసిపోయి వెళ్లేవాడు "మూడో బెడ్ స్టేబుల్" అని ఒక్క ముక్కలో చెప్పేసి పోతే, ఆరు గంటల తర్వాత మళ్లీ చేయాల్సిన గాజు ట్యూబ్ టెస్ట్ సంగతి అక్కడే పోతుంది. హ్యాండోవర్ చెప్పడం కూడా నేర్పాల్సిన విద్యే, బెడ్ దగ్గర నిలబడి, పేషెంట్‌ని చూస్తూ, మిగిలిన పనులు పేరుపేరునా చెప్పి.

ముందు ముందు ఏం జరగొచ్చు

2021 బ్యాచ్ నుంచి పీజీలందరూ మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలి. ఎమర్జెన్సీ పీజీ చిన్న ఊరి ఆస్పత్రిలో ఉండటం రెండు వైపులా మంచిదే, రిఫర్ చేసేవాడి కష్టం అర్థమవుతుంది, అక్కడి స్టాఫ్‌కి సీపీఆర్ దగ్గర్నుంచి పాముకాటు దాకా నాలుగు విషయాలు తెలుస్తాయి. కానీ అక్కడ ఎమర్జెన్సీ సీనియర్ ఎవరూ లేకపోతే ఆ మూడు నెలలు చదువు ఆగిపోయి అక్కడ పనిచేసే డాక్టర్ల లెక్క మాత్రమే పెరుగుతుంది. ఘాట్ రోడ్డులో బండి నేర్పేవాడు పక్క సీట్లో ఉండాలి, కింద అలిపిరి దగ్గర నిలబడి ఫోన్‌లో చెప్తే సరిపోదు. కనీసం మాతృ కాలేజీ నుంచి రోజూ ఒక వీడియో కాల్‌లో కేసులు మాట్లాడుకునే ఏర్పాటైనా ఉండాలి.

పెద్ద ప్రశ్న పోస్టులది. విభాగం తప్పనిసరి కాదన్నప్పుడు కొత్తగా పెట్టే కాలేజీలు ఎమర్జెన్సీ మెడిసిన్ పేరుతో ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు సృష్టించాల్సిన అవసరం పడదు. పోస్టులు లేకపోతే ఎండీ అయినవాళ్లు కార్పొరేట్ హాస్పిటళ్లకో, ఇంగ్లండ్ లాంటి చోట్లకో పోతారు, అక్కడ వీళ్లకి గిరాకీ బాగా ఉంది. వాళ్లు పోతే నేర్పేవాళ్లు ఉండరు, నేర్పేవాళ్లు లేకపోతే సీట్లు పెరగవు, ఆ ఖాళీలో ప్రైవేట్‌గా నడిచే, కమిషన్ గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సులు పుట్టుకొస్తాయి. వాటిలో చదివినవాళ్లలో చాలామంది పని బాగానే చేస్తారు, కానీ గవర్నమెంట్ కాలేజీలో ఫ్యాకల్టీ అవ్వడానికి ఆ కాగితం పనికిరాదు, అంటే తర్వాతి బ్యాచ్‌కి గురువులుగా వాళ్లని లెక్కలోకి తీసుకోలేం.

అందుకని ఒక కాలేజీలో ఈ చదువు ఎలా ఉందో తెలుసుకోవాలంటే సీట్లెన్ని, బెడ్లెన్ని అని అడగడం కంటే రెండు విషయాలు చూస్తే చాలు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రోస్టర్‌లో ఫ్యాకల్టీ పేరు ఉందా, ఉంటే ఆ మనిషి క్యాజువాలిటీలోనే ఉంటారా ఇంటి దగ్గరుండి ఫోన్ ఎత్తుతారా అన్నది ఒకటి. పోయిన నెలలో పీజీలు ఇంటికి పంపించాక మూడు రోజుల్లోపు తిరిగొచ్చిన పేషెంట్ల లిస్టు ఎవరి దగ్గరైనా ఉందా అన్నది రెండోది. సీట్లకి అనుమతిచ్చేముందు తనిఖీకి వచ్చేవాళ్లు కూడా బెడ్లు లెక్కపెట్టాక ఆ లిస్టు అడగాలి.